రన్‌వే బాగుపడింది, విమాన సంస్థ ఎగరలేదు: హాదీ సిరికా గురించి

ప్రశ్న ఇది: నైజీరియాలో హాదీ సిరికా అనే ఆయన ఒకప్పుడు పైలట్, తర్వాత ఎంపీ, సెనేటర్, ఆ తర్వాత విమానయాన మంత్రి. పని తెలిసిన మనిషి మంత్రి అయితే తేడా కనిపిస్తుందా, లేక ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఒకటేనా?

నేను 2013 నుంచి 2022 దాకా లాగోస్‌లో విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. మంత్రిగారితో పరిచయం లేదు, ఒకసారి హ్యాంగర్ పక్క నుంచి కాన్వాయ్ వెళ్తుంటే చూశాను, అంతే. కానీ ఆయన తీసుకున్న నిర్ణయాల ఫలితం మా టూల్‌బాక్సుల దాకా వచ్చేది కాబట్టి, నాకు కనిపించినంత చెప్తాను. తేడా ఉంటుంది. కాకపోతే పైలట్‌కి కళ్ళకి కనపడే పనుల్లోనే ఉంటుంది. మిగతా చోట్ల ఆయన కూడా అందరిలాంటి రాజకీయ నాయకుడే.

ముందు మనిషి ఎవరో చూద్దాం. సిరికాది ఉత్తరాన నైజర్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న కట్సినా రాష్ట్రం. పైలట్‌గా పనిచేసి, 2003లో ప్రతినిధుల సభకు ఎన్నికై 2007 దాకా ఉన్నాడు. 2011లో కట్సినా నార్త్ నుంచి సెనేటర్ అయ్యాడు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. కట్సినా నార్త్‌లోనే దౌరా ఉంది, దౌరా అంటే ముహమ్మదు బుహారీ సొంత ఊరు. 2003, 2007, 2011 మూడు ప్రెసిడెంట్ ఎన్నికల్లోనూ బుహారీ ఓడిపోయాడు. ఆయన ఓడిపోతున్న రోజుల్లో ఆయన పక్కన ఉన్నవాళ్ళలో సిరికా ఒకడు, 2011లో గెలిచింది కూడా బుహారీ పెట్టిన సీపీసీ పార్టీ టికెట్ మీదే. 2015లో బుహారీ గెలిచి ప్రెసిడెంట్ అయ్యాక నవంబరులో కేబినెట్ వేస్తే సిరికాకి విమానయాన సహాయ మంత్రి పదవి దక్కింది. అప్పట్లో విమానయానం రవాణా శాఖలో భాగం, పైన రొటిమీ అమేచీ అనే మంత్రి ఉండేవాడు. 2019 ఆగస్టులో శాఖను విడదీసి సిరికాను పూర్తి స్థాయి మంత్రిని చేశారు. 2023 మే 29 దాకా ఆయనే. మొత్తం ఏడున్నరేళ్ళు.

ఈ ఏడున్నరేళ్ళు అనేది చిన్న విషయం కాదు. 1999 నుంచి 2015 దాకా ఆ శాఖకి పది మంది దాకా మంత్రులు మారారు. ఫైలు చదవడం మొదలుపెట్టేలోపే బదిలీ. కాబట్టి పైలట్ కావడం వల్ల ఎంత కలిసొచ్చిందో, ప్రెసిడెంట్ మనిషి కావడం వల్ల కుర్చీ కదలకపోవడం కూడా అంతే కలిసొచ్చిందని నా లెక్క.

ఆయన చేతికి ఎలాంటి వ్యవస్థ వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే ఆయన ఖాతాలో పడకూడనివి కూడా పడిపోతాయి. 2005 అక్టోబరు 22న లాగోస్ నుంచి అబుజా బయల్దేరిన బెల్‌వ్యూ విమానం కూలి 117 మంది చనిపోయారు. శకలాలు ఓయో రాష్ట్రంలో ఉన్నాయని, బతికినవాళ్ళు కూడా ఉన్నారని ముందు ప్రకటించారు. తీరా చూస్తే ఒక టీవీ చానెల్ వాళ్ళు ఓగున్ రాష్ట్రంలో లిసా అనే పల్లెలో గొయ్యి కనిపెట్టారు, బతికినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. అంటే విమానం ఎక్కడ పడిందో కూడా దేశానికి తెలియని పరిస్థితి. సరిగ్గా ఏడు వారాలకి, డిసెంబరు 10న పోర్ట్ హార్కోర్ట్‌లో సొసొలిసో విమానం పడింది. క్రిస్మస్ సెలవులకి ఇళ్ళకి వెళ్తున్న ఒకే స్కూలు పిల్లలు అరవై మంది అందులో పోయారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఏడీసీ విమానం కూలి నైజీరియా ముస్లింల మత పెద్ద సొకొటో సుల్తాన్ చనిపోయాడు.

ఆ సమయంలో నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన ఇంజినీరు హెరాల్డ్ డెమురెన్. ఈయన ఎన్నికల మనిషి కాదు. 2006లో కొత్త సివిల్ ఏవియేషన్ చట్టం వచ్చి ఎన్‌సీఏఏకి స్వయంప్రతిపత్తి ఇచ్చింది. మాటల స్వయంప్రతిపత్తి కాదు, టికెట్ ధరలో 5 శాతం నేరుగా ప్రభుత్వ విమానయాన విభాగాలకి వచ్చే ఏర్పాటు ఉంది, అందులో పెద్ద వాటా నియంత్రణ సంస్థదే. జీతాల కోసం మంత్రి దగ్గర చేయి చాచే ఇన్‌స్పెక్టర్ విమానాన్ని ఆపలేడు, ఆ సంగతి మా ఫీల్డులో ఎవర్ని అడిగినా చెప్తారు. 2010 ఆగస్టులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నైజీరియాకి కేటగిరీ 1 ఇచ్చింది, అంటే భద్రతా పర్యవేక్షణ అంతర్జాతీయ ప్రమాణాలకి తగ్గట్టు ఉందని. ఒకప్పుడు లాగోస్ ఎయిర్‌పోర్టు భద్రత సరిగా లేదని అమెరికా ఎయిర్‌పోర్టుల్లో బోర్డులు పెట్టేవాళ్ళు, అలాంటి దేశానికి!

మరి డెమురెన్ ఏమయ్యాడు? 2012 జూన్ 3, ఆదివారం మధ్యాహ్నం, లాగోస్‌లో ఇళ్ళ మీద డానా ఎయిర్ ఎండీ-83 పడింది. విమానంలో ఉన్న 153 మందీ, కింద ఆరుగురూ చనిపోయారు. కో-పైలట్ మన దేశం వాడే. ఒక ఇంజిన్ దారిలోనే చేతులెత్తేసినా దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగకుండా లాగోస్ దాకా లాక్కొచ్చారు, దిగే ముందు రెండోది కూడా పోయింది. 2013 మార్చిలో డెమురెన్‌ని తీసేశారు. సిరికా నియంత్రణ సంస్థను మొదటి నుంచీ కట్టుకోవాల్సిన పని పడలేదని చెప్పడానికే ఇదంతా. గట్టి పునాది వేసినవాడు ఇంకొకాయన, ఎన్నడూ ఓట్లడగనివాడు.

ఇక సిరికా చేసిన పనుల్లో నేను గుండె మీద చేయి వేసుకుని మెచ్చుకునేది అబుజా రన్‌వే.

అబుజా దేశ రాజధాని, కానీ ఎయిర్‌పోర్టుకి ఉన్నది ఒక్కటే రన్‌వే, పొడవు 3.6 కిలోమీటర్లు. 1982లో వేసింది, ఇరవై ఏళ్ళు ఆగేలా డిజైన్ చేసింది. 2016 నాటికి ముప్పై నాలుగేళ్ళు వాడేశారు. రాత్రిపూట గుంతలు పూడ్చడం, పొద్దున్నే విమానాలు దింపడం. లాగోస్‌లో కూర్చున్న మాకు ఆ సంగతి ఎలా తెలిసేదంటే ఇంజిన్ చెక్‌లో తెలిసేది. అబుజా ట్రిప్పులు ఎక్కువ తిరిగిన విమానం ఫ్యాన్ బ్లేడ్ల అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట గోరు తట్టుకునేది. కంటికి ఆనదు, బియ్యపు గింజలో సగం ఉండే గాటు. లేచిపోయిన తారు, కంకర ముక్క ఇంజిన్‌లోకి వెళ్ళిందన్నమాట. గాటు లోతు కొలిచి, మాన్యువల్ ఒప్పుకునే హద్దులో ఉంటే అంచుని నున్నగా ఆకురాయితో రుద్ది వదిలేస్తాం, హద్దు దాటితే బ్లేడు మార్చాలి, లోపలికి ఏమైనా వెళ్ళిందేమో అని బోరోస్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దించి చూడాలి, ఈలోగా విమానం నేల మీదే. టైర్లు కూడా అంతే, కోతలు పడి త్వరగా మార్చాల్సి వచ్చేది. ఒకరోజు మా షిఫ్ట్‌లో ఒక మెకానిక్ ప్రధాన చక్రం టైరు సందులోంచి బొటనవేలంత కంకర పీకి, టేబుల్ మీద పెట్టి, "అబుజా నుంచి సావనీర్" అన్నాడు. ఆ రాయి చాలా రోజులు కాగితాల మీద బరువుగా పనికొచ్చింది.

సిరికా అన్నది ఏమిటంటే, ఇలా రాత్రిళ్ళు అతుకులేస్తే లాభం లేదు, కింది పొరలే పోయాయి, ఆరు వారాలు పూర్తిగా మూసి మధ్య భాగం మళ్ళీ వేయాలి, అప్పటిదాకా విమానాలు కడునాకి వెళ్ళాలి అని. రాజధాని ఎయిర్‌పోర్టు మూసేయడమా అని సెనేట్‌లో గోల, పేపర్లలో గోల. కడునా నుంచి అబుజాకి రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లకి కాస్త తక్కువ, ఆ రోడ్డు కిడ్నాపర్లకి పేరు మోసింది. విదేశీ సంస్థల్లో చాలావరకు మేం రాము పొమ్మన్నాయి. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ మాత్రం వెళ్ళింది. గడువు దాటితే రాజీనామా చేస్తానని కూడా సిరికా అన్నాడు.

2017 మార్చి 8న మూశారు. నేను ఆ నెలాఖరులో ఒక పని మీద అబుజా వెళ్ళాల్సి వచ్చి కడునాలో దిగాను. ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను, చెప్తే మా ఆవిడ టెన్షన్‌తో ఫోను పెట్టేది కాదు. చిన్న ఎయిర్‌పోర్టు, మామూలు రోజుల్లో ఎన్ని విమానాలు వచ్చేవో గాని ఆ రోజు మాత్రం జాతరలా ఉంది. బస్సులు వరసగా నిలబెట్టారు, టికెట్ లేదు, ముందు ఒక పోలీసు బండి, వెనకాల ఒకటి, పైన హెలికాప్టర్ చప్పుడు కూడా ఒకసారి వినిపించింది. నా పక్కన కూర్చున్న ముసలాయన జపమాల తిప్పుతూ అబుజా పొలిమేర దాకా ఒక్క మాట మాట్లాడలేదు, ఊరి దీపాలు కనపడగానే సంచిలోంచి వేరుశెనగలు తీసి బస్సంతా పంచాడు.

ఏప్రిల్ 19కి తెరుస్తామన్నారు, 18నే తెరిచారు. ఒకరోజు ముందే. మొదట దిగింది ఇథియోపియన్ వాళ్ళ ఏ350. నైజీరియాలో ప్రభుత్వ పని ఒకటి గడువుకి ముందే పూర్తయిందంటే మా హ్యాంగర్‌లో వాళ్ళే నమ్మలేదు. పైలట్ కాని మంత్రి అయితే అంత తెగించేవాడు కాదని నా అనుమానం. గుంతల రన్‌వే మీద బరువైన విమానం గంటకి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తాకడం అంటే ఏమిటో ఒంటికి తెలిసినవాడికి సెనేటర్ల కోపం అంత పెద్దదిగా కనపడదు. తర్వాత 2019 ఆగస్టులో ఎనుగు రన్‌వే కూడా ఇలాగే మూశారు, అది తెరిచేసరికి ఏడాది పట్టింది, మధ్యలో కొవిడ్ వచ్చింది.

ఇప్పుడు రెండో సగానికి వద్దాం, మీరు వార్తల్లో చూసింది బహుశా ఇదే అయి ఉంటుంది: నైజీరియా ఎయిర్.

నైజీరియా ఎయిర్‌వేస్ అని పాత జాతీయ సంస్థ ఒకటి 1958లో పుట్టి, అప్పుల్లో మునిగి, 2003లో మూతపడింది. తర్వాత వర్జిన్ అట్లాంటిక్ 49 శాతం వాటాతో వర్జిన్ నైజీరియా వచ్చింది, పేరు రెండుసార్లు మారి ఎయిర్ నైజీరియాగా 2012లో ఆగిపోయింది. అయినా అక్కడ ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా పాత ఆకుపచ్చ విమానాల గురించి ఎవరో ఒకరు చెప్తారు, ఇథియోపియాకి ఉంది, కెన్యాకి ఉంది, ఇరవై కోట్ల మంది ఉన్న మాకెందుకు లేదు అని. బుహారీ ఎన్నికల హామీల్లో అది ఒకటి. హామీ తీర్చే బాధ్యత సిరికాది.

2018 జులైలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో ఎయిర్ షోలో పేరు, లోగో ఆవిష్కరించారు. విమానం లేదు, విమాన సంస్థ నడపడానికి అనుమతిచ్చే ఆపరేటర్ సర్టిఫికెట్ లేదు, పెట్టుబడిదారు లేడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన వాళ్ళు ఊరికే అనలేదు. డిసెంబరులో ఎగురుతుందన్నారు. సెప్టెంబరులోనే ప్రాజెక్టు నిలిపివేశామని ఆయనే ట్వీట్ చేశాడు.

2022 సెప్టెంబరులో మళ్ళీ లేచింది. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌కి 49 శాతం, ప్రభుత్వానికి 5, మిగతా 46 నైజీరియా పెట్టుబడిదారులకి. కాగితం మీద ఇది చెడ్డ ఆలోచనేమీ కాదు, నడపడం వచ్చినవాడికి నడపమని ఇవ్వడమే. కానీ అక్కడి ప్రైవేటు విమాన సంస్థలు కొన్ని కలిసి కోర్టుకి వెళ్ళాయి. వాళ్ళ వాదనా అర్థం చేసుకోదగ్గదే: మేం డాలర్లు దొరక్క విడిభాగాలు తెచ్చుకోలేక చస్తుంటే, ఆఫ్రికాలోనే పెద్ద సంస్థని మా ఇంట్లోకి తెచ్చి మా జెండా రంగు వేస్తారా అని. కోర్టు స్టే ఇచ్చింది.

2023 మే 26. ప్రభుత్వం దిగిపోవడానికి మూడు రోజులు. నైజీరియా ఎయిర్ అని రాసి, ఆకుపచ్చ రంగు వేసిన బోయింగ్ 737 ఒకటి అడిస్ అబాబా నుంచి వచ్చి అబుజాలో దిగింది. ఫొటోలు, చప్పట్లు. నేను అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను, పాత కొలీగ్ వాట్సాప్‌లో వీడియో పంపి "రిజిస్ట్రేషన్ చూడు" అన్నాడు. విమానం తోక దగ్గర ఉండే ఆ అక్షరాలు మన బండి నంబర్ ప్లేటు లాంటివి. నైజీరియా విమానమైతే 5ఎన్ తో మొదలవ్వాలి, దీని మీద ఈటీ అని ఉంది, అంటే ఇథియోపియా బండి. కొన్నాళ్ళకే ఆ విమానం వెనక్కి వెళ్ళిపోయింది. సంస్థ తాత్కాలిక ఎండీయే సెనేట్ కమిటీ ముందు అది ఆవిష్కరణ కోసం తెచ్చిన అద్దె విమానమని చెప్పాడు. సర్టిఫికెట్ సంగతి అడిగితే, అయిదు దశల్లో మొదటి దశలోనే ఉందని తేలింది. ప్రతినిధుల సభ కమిటీ మోసం అనే మాట వాడింది. కొత్త మంత్రి ఫెస్టస్ కెయామో వచ్చాక ప్రాజెక్టు ఆపేశాడు.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకటి ఉంది. ఆపరేటర్ సర్టిఫికెట్ అంటే ఏమిటో, ఆ అయిదు దశల్లో మాన్యువల్స్ రాయడం, ఇన్‌స్పెక్టర్లకి చూపించడం, ప్రయాణికులు లేకుండా డెమో ఫ్లైట్లు నడపడం ఎంత నడుం విరిగే పనో ఆయనకి తెలియదా? మనందరికంటే ఎక్కువ తెలుసు. పైలట్‌కి చెక్‌లిస్ట్ అంటే ప్రాణం. అయినా కుర్చీ దిగేలోపు ఏదో ఒకటి చూపించాలనే తొందర ముందు ఆ చెక్‌లిస్ట్ ఓడిపోయింది. తెలియక చేసిన మంత్రి కంటే తెలిసి చేసిన మంత్రి మీదే నాకు కోపం ఎక్కువ.

మధ్యలో కనపడని పనులు కొన్ని ఉన్నాయి. 2022 ఆగస్టులో బుహారీ సంతకం చేసిన కొత్త సివిల్ ఏవియేషన్ చట్టం, దాంతోపాటు వచ్చిన మిగతా విమానయాన చట్టాలు సిరికా హయాంలోవే. ప్రమాదాల దర్యాప్తు బ్యూరో పరిధిని రైళ్ళు, పడవల దాకా పెంచి ఎన్‌ఎస్ఐబీగా మార్చారు. ఫొటోలకి పనికిరాని విషయం, ఎవరూ గుర్తుపెట్టుకోరు, నేనైతే దీనికి మంచి మార్కులే వేస్తాను.

డబ్బు విషయంలో మాత్రం ఆయన చేతిలో ఏమీ లేదు. విదేశీ సంస్థలు నైజీరియాలో టికెట్లు అక్కడి డబ్బు నైరాల్లో అమ్ముతాయి, వాటిని డాలర్లుగా మార్చి ఇవ్వాల్సింది సెంట్రల్ బ్యాంకు. డాలర్లు లేవు. బకాయిలు పేరుకుపోయి 2023 నాటికి ఎనభై కోట్ల డాలర్లు దాటాయని ప్రపంచ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ చెప్పింది. 2022లో ఎమిరేట్స్ ఏకంగా సర్వీసులు ఆపేసింది, మళ్ళీ వచ్చింది 2024 అక్టోబరులోనే. చవక టికెట్లు మాయమైపోయాయి. లాగోస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళకి దుబాయ్ మీదుగా హైదరాబాద్ రావడం అలవాటు, అది పోయి అడిస్ అబాబా మీదుగానో, దోహా మీదుగానో రెట్టింపు పెట్టి వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళకి కుటుంబంలో ఒక్కరే రావడం మొదలైంది. దీనికి విమానయాన మంత్రిని తిట్టేవాళ్ళు గాని, తాళాలు ఆర్థిక శాఖ, సెంట్రల్ బ్యాంకు దగ్గర ఉన్నాయి.

పదవి దిగాక కథ కోర్టుకెక్కింది. 2024లో అవినీతి నిరోధక సంస్థ ఈఎఫ్‌సీసీ ఆయన్ని అరెస్టు చేసి, తన హయాంలో కాంట్రాక్టులు దగ్గరివాళ్ళకి ఇప్పించాడన్న ఆరోపణల మీద కేసులు పెట్టింది. నేరం చేయలేదని ఆయన కోర్టులో చెప్పాడు. దాని మీద నేను తీర్పు చెప్పను, అది జడ్జిల పని. ప్రశ్న అడిగినవాళ్ళు కూడా ఆ వార్తల వేడిలో రన్‌వేని మర్చిపోవద్దు, రన్‌వే చూపించి కేసులని కొట్టిపారేయొద్దు.

మన దగ్గర పోలిక ఉందా అంటే కొంత ఉంది. రాజీవ్ ప్రతాప్ రూడీ పైలట్ లైసెన్సు ఉన్న నాయకుడు, ఒక ఏడాది పాటు పౌర విమానయాన శాఖ చూశాడు. మన విజయనగరం అశోక్ గజపతిరాజు గారికి విమానాలతో వృత్తి సంబంధం లేదు. 2014 జనవరిలో ఎఫ్‌ఏఏ మన దేశాన్ని కేటగిరీ 2కి దించింది, మేలో ఆయన మంత్రి అయ్యారు, 2015 ఏప్రిల్‌లో కేటగిరీ 1 తిరిగొచ్చింది. మన నియంత్రణ సంస్థ డీజీసీఏలో ఫ్లైట్ ఇన్‌స్పెక్టర్లని నియమించుకోవడం, కాగితాలు సరిచేయడం లాంటి చప్పుడు లేని పని అది. ఇప్పుడు శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు ఆ కుర్చీలో ఉన్నారు. మంత్రికి కాక్‌పిట్ తెలిసి ఉండాలా అని ఎవరైనా అడిగితే, తెలిస్తే మంచిదే, కానీ తన కింద ఉన్న నియంత్రణ సంస్థ "కుదరదు సార్" అన్నప్పుడు ఊరుకోగలడా లేదా అనేది నేను ముందు చూస్తాను.

అబుజాకి రెండో రన్‌వే వేయడానికి 2022లో కేబినెట్ ఆమోదం తెలిపింది, అదీ సిరికా హయాంలోనే. 2017లో బాగుచేసిన దాని మీద నా పాత టీమ్ విమానాలు రోజూ దిగుతూనే ఉన్నాయి. మొన్న ఫోన్‌లో పాత కొలీగ్‌ని అడిగాను, బ్లేడ్లు ఎలా ఉన్నాయని. అబుజా గాట్లు చూసి చాలా కాలమైంది, ఇప్పుడు ఎక్కువగా పిట్టలు తగిలిన గుర్తులే అన్నాడు.